మా బిడ్డకు రెండు బ్లాకులు

పిల్లవాడి ఏడుపు బయటికి వినబడిన తర్వాత స్కానింగ్ మిషన్ ఆపరేషన్ థియేటర్ లోపలికి పోయింది. నా అనుమానం పుట్టింది అప్పుడే. వాడికీ నా అనుమానానికీ వయసులో తేడా మహా అయితే ఒక చాయ్ తాగేంత.

మహబూబ్‌నగర్‌లో అదొక ప్రైవేటు దవాఖాన. ఏ దవాఖాన అని అడగకండి. ఆ రోడ్డు మీద దవాఖానలు ఎంత ఒత్తుగా ఉంటాయంటే, మధ్యలో పొరపాటున ఒక కిరాణా దుకాణం కనబడితే జనం లోపలికి పోయి బీపీ చూడమని చెయ్యి చాపుతారు. కొత్త జిల్లాలు అయ్యాక మా కల్వకుర్తి ఈ జిల్లాలో లేదని కాగితాలు చెబుతాయి గానీ, ఒంట్లో బాగాలేకపోతే మా కాళ్లు ఇప్పటికీ పాలమూరు బస్సే ఎక్కుతాయి. అట్లా మా బిడ్డను రెండో కాన్పుకు అక్కడికే తీసుకుపోయాం. మొదటిది పెద్దాపరేషన్. ఇదీ పెద్దాపరేషనే అని డాక్టర్లు ముందే తేల్చేశారు.

థియేటర్ తలుపు ముందు బెంచీ మీద నేనూ, నా వియ్యపురాలూ కూర్చున్నాం. ఆమెది నల్గొండ జిల్లా, కేతేపల్లి దిక్కు. కోడలి కాన్పు అని సంచి సర్దుకుని వచ్చింది. ఆ సంచిలో ఎల్లిపాయ కారం, పాత నూలు చీరలు, బాలెంత చెవుల్లో పెట్టే దూది, తలకు కట్టే గుడ్డ, ఇంకా పేరు తెలియని పొడులు ఉన్నాయి. ఆ ఏడాది కేతేపల్లి మండలంలో కనబోయే ఆడవాళ్లందరికీ సరిపోయే సరంజామా అది. బస్సులో కండక్టరు సంచికి వేరే టికెట్ కొట్టాడని ఆమె చెప్పింది. కిటికీ పక్క సీటు కూడా ఇచ్చాడని నేను చెబుతున్నాను.

లోపలి నుంచి పిల్లవాడు కేర్ మన్నాడు. ఇద్దరం లేచి నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. కానీ బయటికి ఎవరూ రాలేదు. ఒక ఆయమ్మ స్కానింగ్ మిషన్‌ను జాతర రథంలాగా తోసుకుంటూ లోపలికి పోయింది.

"వదినె, పిల్ల బయటికొచ్చినట్టేనా?" అన్నాను.

"ఏడ్చింది గద, ఇనలేదా?" అంది వియ్యపురాలు.

"మరి గా మిషన్ ఎందుకు పోతాంది లోపటికి? కడుపుల పిల్ల ఉంటేనే గద స్కానింగు?"

ఆమె కాసేపు తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "ఇంకొకటి ఉన్నట్టుంది," అంది గొంతు తగ్గించి.

అంతే. సంచిలోంచి ఒక నూలు చీర లాగి, పళ్లతో కొస కొరికి, రెండో పిల్లకు పొత్తిగుడ్డ చింపడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు కారిడార్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. తొమ్మిది నెలలు స్కానింగులు తీసి ఒక్కటే అని చెప్పినవాళ్లు ఇప్పుడు రెండోదాన్ని మనకు చెప్పకుండా ఏం చేయబోతున్నారని నేను లెక్కలు కట్టాను. నా బుర్ర అటువంటి పనులకు చాలా వేగంగా తిరుగుతుంది. సిస్టర్ పిల్లవాడిని తెచ్చి చూపించేసరికి నేను రెండోదాన్ని బడిలో చేర్పించి, పదో తరగతి దాకా తెచ్చాను.

"మొగపిలగాడు, మంచిగున్నడు," అంది సిస్టర్.

"రెండోదేది?" అంది వియ్యపురాలు, గుడ్డ చాపి.

"రెండోదేంది?" అని సిస్టర్ పెద్దగా నవ్వి పిల్లవాడితో లోపలికి పోయింది. దవాఖానలో నవ్వితే నేను నమ్మను. ఏడ్చేచోట నవ్వేవాళ్ల దగ్గర ఏదో ఒక సంగతి దాగి ఉంటుంది.

ఇక్కడ మా బిడ్డ కోరిక ఒకటి చెప్పాలి. మొదటి కాన్పు వేరే దవాఖానలో అయింది. నడుము సూది మత్తు దిగిన తర్వాత ఆమెకు వచ్చిన నొప్పి నేను నా కళ్లతో చూశాను. పక్కకు తిరగలేదు. దగ్గు వస్తే దిండును పొట్టకు అదుముకుని ముందే ఏడ్చేది. పసిపిల్లను ఎత్తుకోవాలంటే ముందు తను లేవాలి కదా, అదే చేతకాలేదు. అందుకని పిల్ల నా చేతుల్లోనే ఉంది. నా చేతుల్లోనే పడుకుంది, నా చేతుల్లోనే సీసా పాలు తాగింది, నా చేతుల్లోనే ఊళ్లో అందరికీ చూపించబడింది. ఆ అలవాటు ఎక్కడిదాకా పోయిందంటే, అది మాటలు వచ్చాక నన్ను అమ్మా అని పిలిచేది. కన్నతల్లిని మాత్రం పక్కింటి నుంచి చక్కెరకు వచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. ఇప్పటికీ రాత్రి నా పక్కనే పడుకుంటుంది. నేను మురిసిపోయేదాన్ని. మా బిడ్డ మురవలేదు.

రెండోసారి నెల తప్పిన దగ్గరి నుంచి ఆమెది ఒకటే మాట. "అమ్మా, గీసారి పిలగాన్ని మొదలు నేనే ఎత్తుకుంట. నువ్వు చేతులు కట్టుకొని కూసోవాలె. నా ఒడిల పండి, నా వాసన పట్టినంకనే నీకిస్త." చెకప్పులకు పోయినప్పుడల్లా డాక్టరమ్మను కూడా అదే అడిగేది, కోత అయ్యాక లేచి పిల్లను పట్టుకునే ఉపాయం ఏదైనా ఉంటే చేయమని. వాళ్లు ఏదో చెప్పారట, ఈమె సరే అందట. మాకు చెప్పలేదు. మమ్మల్ని బాగా ఎరిగిన మనిషి కదా.

సరే, ఇక దవాఖానకు వస్తాను. కొంతసేపటికి మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు. మా బిడ్డ పక్కన నిలబెడితే ఈమే చిన్నది అనిపించేలా ఉంది. మొహం నిండా నవ్వు. నేను జాగ్రత్తపడ్డాను.

"అంత మంచిగైంది. కడుపుకు రెండు పక్కల బ్లాక్ ఇచ్చినం. రేపటిదాంక నొప్పి అంతగ తెల్వది. సాయంత్రం మెల్లగ కూసోబెట్టుండ్రి," అంది.

నా గుండె ఒకసారి ఆగి, చుట్టూ చూసుకుని, మళ్లీ కొట్టుకుంది.

బ్లాకు అనే మాట మా ఇంట్లో చిన్న మాట కాదు. మా ఆయన గుండెకు రెండు బ్లాకులు ఉన్నాయని హైదరాబాదులో స్టంటు వేశారు. ఆనాటి నుంచి ఆయన ఎవరితోనైనా పరిచయం చేసుకుంటే పేరు తర్వాత చెబుతాడు, బ్లాకులు ముందు చెబుతాడు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు మేనమామను పక్కకు తీసుకుపోయి ఎడమ పక్కది ఎంత శాతం, కుడి పక్కది ఎంత శాతం అని వివరిస్తాడు. బరువులు ఎత్తవద్దని డాక్టరు కొన్ని వారాలకే చెప్పాడు. ఈయన ఆ మాటను ఎంత భక్తిగా పట్టుకున్నాడంటే, నేటివరకు తిన్న పళ్లెం కూడా ఎత్తలేదు.

అటువంటి ఇంటి మనిషిని నేను. దేశంలోని పెద్ద పెద్ద డాక్టర్లు కష్టపడి తీసేసే బ్లాకులను ఈమె రెండు పక్కలా ఇచ్చినం అంటోంది, పేరంటంలో పసుపు కుంకుమ ఇచ్చినట్టు!

"ఏడ ఇచ్చిన్రమ్మా బ్లాకులు?" అని వెంటపడ్డాను.

"నరాలకు," అని నడుస్తూనే చెప్పి, ఇంకో థియేటర్‌లోకి పోయింది.

నరాలకు! ఇంకేం కావాలి? మన తెలుగులో ఒంట్లో దారంలాగా సాగేది ఏదైనా నరమే. నెత్తురు పారేది నరమే, గ్లూకోజు సూది గుచ్చేది నరమే, మెడ పట్టేస్తే పట్టింది నరమే, కోపమొస్తే నుదుటి మీద లేచేదీ నరమే. మా ఆయన బ్లాకులు కూడా గుండె నరాల్లోనే ఉన్నాయని ఆ హైదరాబాదు డాక్టరు స్వయంగా చెప్పాడు. అంటే మా బిడ్డకు కడుపు నరాలు రెండు పక్కలా మూసుకుపోయాయి. స్కానింగ్ మిషన్ లోపలికి ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైంది. రెండో పిల్ల కోసం కాదు. బ్లాకులు చూడటానికి.

"మా దిక్కు గిసొంటియి లేవు," అంది వియ్యపురాలు. "పాలమూరు తిండిల ఉన్నట్టున్నయి."

"ఆ మాటంటవా వదినె? నా బిడ్డ నరాలు పెండ్లిదాంక మెత్తగనే ఉండె. మీ నల్లగొండ నీళ్లు తాగినంకనే గట్టిపడ్డయి."

ఆమె చింపిన గుడ్డను మడత పెట్టుకుంది.

మా బిడ్డను గదిలోకి తెచ్చారు. పక్క గదిలో ఒక బాలెంత మూలుగుతుంటే మా గోడకున్న క్యాలెండర్ ఊగుతోంది. మామూలు బాలెంత అంటే అట్లా ఉండాలి. మా బిడ్డ మంచం మీద పడుకుని నవ్వుతోంది.

"నొస్తలేదా?" అన్నాను.

"అంతగ లేదమ్మా. లోపల జర గుంజుతాంది గని, పైన పొట్ట మొద్దువారినట్టున్నది."

నేనూ వియ్యపురాలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొద్దువారడం! నెత్తురు ఆడకపోతేనే కదా మొద్దువారేది.

"నొప్పులు రాకుండ కనుడు, కన్నంక నొప్పి లేకుండ పండుడు. గిదేం కాన్పో ఏమో," అంది వియ్యపురాలు. ఆమె అన్నదాంట్లో నిజం లేకపోలేదు. మన భాషలో కాన్పు మొదలైందని చెప్పడానికే నొప్పులు వచ్చాయి అంటాం. నొప్పే లేకపోతే ఆ మనిషి కన్నదని ఊళ్లో ఎట్లా చెప్పాలి? ఆమె కోడలి చెవుల్లో దూది దూర్చి, తలకు గుడ్డ బిగించి, కనీసం చూడటానికైనా బాలెంతలాగా తయారు చేసింది.

పిల్లవాడు నా చేతుల్లో ఉన్నాడు. మా బిడ్డ తల పక్కకు తిప్పి చెయ్యి చాపింది. "ఇటియ్యి అమ్మా. మెల్లగ లేసి కూసుంట."

"లేస్తవా? రెండు బ్లాకులు పెట్టుకొని లేస్తవా?"

"బ్లాకులేందే? నొప్పి తెల్వకుండ సూది ఇచ్చిన్రు. ముందే అడిగిన్రు నన్ను."

"నీకు నిజం జెప్పరు బిడ్డా. మీ బాపుకు గూడ మొదలు గ్యాస్ అన్నరు."

ఆమె కళ్లు మూసుకుంది. ఆ మాట నిజమే మరి. గ్యాస్ అని మా ఆయనకు సోడా తాగించినవాళ్లు కూడా ఉన్నారు.

సాయంత్రానికి సిస్టర్ వచ్చి లేపుతాను అంది. నేను మంచానికి అడ్డం నిలబడ్డాను. నా ఒడ్డూ పొడుగూ తెలిసినవాళ్లు అది ఎటువంటి అడ్డమో ఊహించుకోగలరు. శ్రీశైలం రోడ్డు మీద నేను అట్లా నిలబడితే లారీలు డిండి దాకా ఆగిపోతాయి.

"లేవాలె అమ్మా," అంది సిస్టర్. "బ్లాక్ పనిచేస్తున్నప్పుడే కూసోబెట్టి, నాలుగడుగులేపియ్యాలె. రేపటికి దిగిపోతది గద."

"ఏం దిగిపోతది?" అంది వియ్యపురాలు.

"బ్లాకే."

"దిగి యాడికి పోతది?"

సిస్టర్‌కు ఇంకో గదిలో గంట మోగింది. పోయింది. జవాబు మేమే వెతుక్కోవలసి వచ్చింది. కడుపులో ఉన్నది దిగితే ఎక్కడికి దిగుతుంది? కాళ్లలోకి. కాళ్లలోకి దిగితే నడక పోతుంది. వియ్యపురాలు క్షణం ఆలస్యం చేయలేదు. ఉన్న దిండ్లన్నీ తెచ్చి కోడలి కాళ్ల కింద పేర్చింది. అవి చాలకపోతే తన సంచి కూడా పెట్టింది. కాళ్లు ఆకాశంలోకి లేచాయి. అయినా నమ్మకం కుదరక రెండు పిక్కలనూ రెండు చేతులతో బిగించి పట్టుకుని కూర్చుంది, బ్లాకు అటు వస్తే అక్కడే ఆపేద్దామని.

"అత్తమ్మా, ఇడువుండ్రి. నా కాళ్లు గుంజుతున్నయి."

"గుంజనీ బిడ్డా. దిగకుంటె చాలు."

ఇంతలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. నేను భుజాన వేసుకుని, గదిలో అటూ ఇటూ తిరుగుతూ వీపు తట్టాను. నా చేతుల్లో ఏదో మహిమ ఉంది, పిల్లలు ఊరుకుంటారు. వీడు కూడా మెల్లగా ఊరుకోసాగాడు. నేను గర్వంగా మా బిడ్డ వైపు చూశాను. ఆమె మొహంలో నవ్వు పోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"చూడు, మల్ల నీకే అలవాటైతున్నడు," అంది. "రేపు మందు దిగినంక నొప్పి మొదలైతదమ్మా. అప్పుడు నేను లేస్తనో లేవనో. గిప్పుడు లేవగలుగుత. గిందుకే గద ఆ సూది అడిగి ఏపిచ్చుకున్న. గీ ఒక్క పూట నన్ను ఎత్తుకోనియ్యి."

నా చెయ్యి తట్టడం ఆపింది. కానీ చేతిలోని పిల్లవాడిని మాత్రం ఇవ్వలేదు. కడుపు నరాలు మూసుకుపోయిన మనిషి చేతిలో మూడు కిలోల బరువు ఎట్లా పెడతాను? మా ఆయన పళ్లెం కూడా ఎత్తడు.

ఆయన వచ్చింది సరిగ్గా అప్పుడే. నేను గంట కిందటే ఫోన్ చేసి "బిడ్డకు రెండు పక్కల బ్లాకులంట," అని పెట్టేశాను. కల్వకుర్తి నుంచి పాలమూరుకు ఆర్టీసీ బస్సు ఎప్పుడూ రానంత తొందరగా వచ్చాడు. చంకలో తన గుండె ఫైలు ఉంది. మొహంలో దిగులు ఎంత ఉందో, ఇంట్లో తనకొక తోడు దొరికిందన్న ఊరట కూడా అంతే ఉంది.

"స్టంటు ఏసిన్రా?" అన్నాడు రాగానే.

"ఎవ్వలేం జెప్తలేరు," అన్నాను.

ఆయన పెద్ద డాక్టరులాగా తల ఆడించి, జేబులోంచి గోళీల డబ్బా తీశాడు. "గిది నాలిక కింద పెట్టుకో బిడ్డా. గిదేమో రక్తం పలుచజేస్తది. బ్లాకు ఎంత గట్టిదైనా సరే, కరిగి నీళ్లు గావాల్సిందే."

"బాపూ, నాకు గుండెనొప్పి గాదు! నాకు అసలు నొప్పే లేదు!"

"నాకు గూడ లేకుండె బిడ్డా మొదలు. గదే డేంజర్."

మా బిడ్డ పెదవులు బిగించింది. ఆయన చెంచాతో నోరు తెరిపించబోయాడు. చిన్నప్పుడు ఆమెకు పొట్ట పురుగుల మందు ఇట్లాగే పోశాడు. వియ్యపురాలు కాళ్లు పట్టుకునే ఉంది, ఆయన ఆమె గదవ, అంటే గడ్డం, పట్టుకున్నాడు, నా చేతుల్లో పిల్లవాడు మళ్లీ రాగం ఎత్తుకున్నాడు. సిస్టర్ తలుపు తెరిచి చూసింది ఈ దృశ్యాన్ని.

"ఏం గోళి అది?"

"రక్తం పలుచబడేది," అన్నాడు మా ఆయన, అభినందనలు వస్తాయని ఎదురుచూస్తూ.

సిస్టర్ వేసిన కేకకు పక్క గది బాలెంత మూలుగు ఆపేసింది. "పొద్దున కోతైన మనిషికి రక్తం పలుచబడే గోళి ఇస్తరా? ఎవ్వలిమ్మన్నరు మీకు?" అని ఆ డబ్బా లాక్కుంది. వెంటనే మత్తు డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. ఈసారి మొహంలో నవ్వు లేదు. అది చూసి నాకు మొదటిసారి కొంచెం నమ్మకం కలిగింది.

పిల్లవాడిని మంచం పక్కనున్న ఉయ్యాల తొట్టిలో పడుకోబెట్టి, ముగ్గురం ఆమెను గుమ్మం దగ్గరే నిలేశాం. పోలీసులు కూడా దొంగను అంత దగ్గరగా నిలబడి అడగరు. బ్లాకులు ఎందుకిచ్చినవ్ అని నేను, ఎంత శాతం అని మా ఆయన, దిగితే యాడికి దిగుతది అని వియ్యపురాలు. డాక్టరమ్మ ముగ్గురి మొహాలూ చూసింది. మా ఆయన చంకలోని ఫైలు చూసింది. అప్పుడు ఆమెకు వెలిగింది.

"అయ్యో! మీరు గుండె బ్లాకు అనుకున్నరా?"

"నరాలకు అన్నవు గద నువ్వే!" అన్నాను.

"నరం అంటె నెత్తురు పోయే నరం గాదమ్మా. నొప్పి సంగతి మెదడుకు మోసే నరాలు వేరే ఉంటయి. రెంటినీ మనం నరం అనే అంటం. నేను నెత్తురు నరం జోలికి పోలే. నొప్పి మోసేటియి పొట్ట కండల పొరల నడుమ నుంచి పోతయి. గక్కడ తిమ్మిరి మందు ఇడిసిపెట్టిన, అటు ఒకటి, ఇటు ఒకటి. పన్ను పీకేటప్పుడు సూది ఇస్తరు సూడుండ్రి, గసొంటిదే."

"మరి స్కానింగ్ మిషన్?"

"సూది ఏ పొరలకు పోతాందో సూసుకుంటందుకు. గుడ్డిగ గుచ్చుతమా?"

నేను అంత తేలికగా వదిలే మనిషిని కాను. "గిట్ల ఆపిన నొప్పి ఏడికి పోతది? లోపల జమై జమై రేపు ఒక్కపారి బయటపడతదా?"

"జమ కాదమ్మా, అదేమన్న చెరువా? రేపు మందు దిగినంక కొంత తెలుస్తది. దానికి గోళీలున్నయి, సూదులున్నయి. లోపలి గుంజుడుకు ఇప్పుడు గూడ ఇస్తనే ఉన్నం."

"గా దిగుడు గురించే నేనడిగేది," అంది వియ్యపురాలు.

"దిగుడు అంటె కిందికి పోవుడు గాదు పెద్దమ్మా, పని అయిపోవుడు. పన్ను తిమ్మిరి దిగితె గదవలకు వొస్తదా?"

"నాకొచ్చింది," అంది వియ్యపురాలు ఖచ్చితంగా.

మా ఆయన మాత్రం కొంచెం చిన్నబోయాడు. స్టంటు కూడా లేని బ్లాకును ఆయన బ్లాకుగా ఒప్పుకోలేకపోతున్నాడు. ఎందుకైనా మంచిదని ఫైలు తెరిచి, తన కుడి పక్క నరం ఫొటో ఆమెకు చూపించడం మొదలుపెట్టాడు. ఆమె పాపం చూసింది కూడా.

అంతలో నాకు ఏదో తేడా తోచింది. గదిలో ఏడుపు లేదు. పిల్లవాడు ఎప్పుడు ఊరుకున్నాడో తెలియదు. నేను ఎత్తుకోకుండా ఊరుకోవడమేమిటని అనుమానంగా వెనక్కి తిరిగాను.

మా బిడ్డ మంచం అంచు మీద కూర్చుని ఉంది. కాళ్ల కింద పేర్చిన దిండ్లు నేల మీద పడి ఉన్నాయి, వాటిలో ఒకటి మాత్రం ఆమె పొట్టకు ఆనించి ఉంది. తలగుడ్డ జారి మెడలో పడింది. నుదుటి మీద చెమట. సిస్టర్ ఒక చెయ్యి వీపు వెనక పెట్టి నిలబడింది. పిల్లవాడు తల్లి ఒడిలో, దిండు మీద, రెండు చేతుల మధ్య ఉన్నాడు. ఉయ్యాల తొట్టి ఖాళీగా ఉంది. దానిలోంచి వాడిని ఎత్తింది సిస్టర్ కాదని సిస్టర్ మొహం చూస్తేనే తెలిసింది. ఆమె మా బిడ్డను చూస్తున్న చూపు అట్లా ఉంది.

వియ్యపురాలు ముందుకు ఉరికింది. "అయ్యో బిడ్డా, బ్లాకులు!"

"రెండున్నయి గద అత్తమ్మా. ఒకటి పోతె ఇంకోటుంటది," అంది మా బిడ్డ, తల ఎత్తకుండానే.

డాక్టరమ్మ నవ్వింది. ఈసారి నేను ఏమీ అనలేదు. నా చేతులు మాత్రం అలవాటు కొద్దీ ముందుకు పోయాయి.

"ఆగు," అంది మా బిడ్డ.

ఆగాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను. పళ్లెం కూడా ఎత్తని మా ఆయన చేతులు ఇన్నేళ్లు ఎట్లా ఊరికే ఉన్నాయో ఆ సాయంత్రం నాకు అర్థం కాలేదు. పిల్లవాడు పాల కోసం తడుముకుని, తడుముకుని, చివరికి దొరికించుకున్నాడు.

మరునాడు మందు దిగింది. కాళ్లలోకి కాదు. నొప్పి వచ్చింది, డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది. మా బిడ్డ మూలిగింది కూడా. మొదటి కాన్పు నాటి మూలుగు ముందు అది మూలుగే కాదు గానీ, వియ్యపురాలికి మాత్రం పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. "ఇగ ఇప్పుడు బాలెంత లెక్కున్నది," అని ఎల్లిపాయ కారం కలిపి అన్నం పెట్టింది. సిస్టర్ గోళీలు ఇచ్చింది. మా ఆయన వాటి పేర్లు చదివి, తన దగ్గర ఉన్నవే నయమని గొణిగాడు.

ఆరోజు మా బిడ్డ పిల్లవాడిని నాకు ఇచ్చింది, స్నానం చేయించమని. స్నానమైంది, ఒళ్లు తుడిచాను, భుజాన వేసుకున్నాను, వీపు తట్టాను. నా మహిమంతా వాడాను. ఏడుపు ఆగలేదు. గది ఈ కొస నుంచి ఆ కొసకు కల్వకుర్తి నుంచి శ్రీశైలం దాకా ఉన్నంత దూరం నడిచాను. ఆగలేదు.

మా బిడ్డ పళ్లు బిగబట్టి, మంచం కమ్మీ పట్టుకుని, తనంతట తాను లేచి కూర్చుంది. నొప్పికి కళ్లు ఒకసారి గట్టిగా మూసి తెరిచింది.

"ఇటియ్యి," అంది.

ఇచ్చాను. వాడు ఆమె మెడ కింద మొహం పెట్టాడు. వాసన చూశాడో, గొంతు గుర్తుపట్టాడో, ఏడుపు ఠక్కున ఆపేశాడు.

"నొస్తలేదా బిడ్డా?" అన్నాను.

"నొస్తాంది," అంది. "జర దిండు ఎనుకకు పెట్టు. వాన్ని మాత్రం ముట్టకు."

దిండు పెట్టాను.